ఈద్ తోఫాకు మన ఊరి సరుకు

(బందరులో మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. వెనుక వంటవాళ్ళు దేగ్‌షాల మూతలు తీస్తున్న చప్పుడు మీకూ వినబడుతోంది, నాకూ వినబడుతోంది. తిండి గురించి మాట్లాడవలసిన మనిషికి ఇంతకంటే కష్టమైన వేళ లేదు. అందుచేత ఉపోద్ఘాతం లేకుండా విషయంలోకి వస్తాను.

ఇప్పుడే కోశాధికారి గారు లెక్కలు చదివారు. అందులో "ఈద్ తోఫా పెట్టెలు" అని ఒక పద్దు ఉంది. ఆ పద్దు చదివినప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు. డబ్బు సక్రమంగా ఖర్చయింది, రసీదులు ఉన్నాయి, అడగడానికి ఏమీ లేదు. నేను అడగదలచుకున్నది లెక్క గురించి కాదు. ఆ పెట్టెలో ఏముందో ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. తళతళలాడే అట్టపెట్టె, పైన బంగారు రంగు రిబ్బను. లోపల విదేశీ చాక్లెట్లు కొన్ని, ఒక బిస్కెట్ల డబ్బా, ఒక ఖర్జూరం పొట్లం, పళ్ళరసం సీసా ఒకటి, రంగు కాగితపు పీచు బోలెడంత. ఈ సరుకంతా ఎక్కడెక్కడినుంచో వచ్చి, ఒక పెద్ద నగరంలో పెట్టెల్లోకి చేరి, లారీ ఎక్కి మన ఊరు వచ్చింది. మన ఊళ్ళో జరిగిన పని ఏమిటయ్యా అంటే, మన కుర్రవాళ్ళు దానిమీద సంఘం పేరుగల చీటీ అంటించడం. అంతే.

పెట్టె తీసుకున్నవాళ్ళు సంతోషించలేదా అంటే సంతోషించారు. పిల్లలు చాక్లెట్లు చూసి గంతులు వేశారు. ఆ సంతోషాన్ని నేను తక్కువ చేయను. కాని ఆ పెట్టె అందుకున్న ఇళ్ళలో కొన్ని ఇళ్ళు ఎవరివి? సేమియా మిషను తిప్పే చేతులున్న ఇళ్ళు అవి. అక్కడే నాకు ముల్లు గుచ్చుకుంది.

తోఫా అనేది మనకు ఎక్కడ మొదలయిందో కొంచెం చూద్దాం. నేను ఆలిమ్‌ను కాను, ఫత్వాలు చెప్పడానికి రాలేదు. ఇమామ్ సాహెబ్ ముందు వరసలోనే ఉన్నారు, తప్పు మాట్లాడితే ఆపుతారు. మనకందరికీ తెలిసిన హదీసులు రెండు చెబుతాను. ఇద్దరు పొరుగువాళ్ళు ఉంటే కానుక ముందు ఎవరికి పంపాలి అని హజ్రత్ ఆయిషా (ర) అడిగితే, ఎవరి తలుపు నీకు దగ్గరగా ఉంటే వారికి అన్నారు ప్రవక్త (స). ఎంత తేలికైన కొలత! బంధుత్వం కాదు, హోదా కాదు, తలుపు ఎంత దూరంలో ఉందన్నది చూడమన్నారు. రెండవది స్త్రీలకు చెప్పిన మాట. పొరుగింటినుంచి గొర్రె గిట్ట వచ్చినా, పొరుగింటికి గిట్ట పంపవలసి వచ్చినా చిన్నతనం అనుకోవద్దన్నారు. గిట్ట అంటే ఏమిటి? ఆ ఇంట్లో ఆ రోజు ఉన్నది. ఉన్నదాంట్లోంచి పంపమన్నారే గాని, లేనిది బజారు నుంచి తెచ్చి పంపమనలేదు.

ఇక ఫిత్రా సంగతి. ఈద్ నమాజుకు వెళ్ళేలోగా ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమంది తరఫున, ఉయ్యాల్లో పసిబిడ్డతో సహా, ఇవ్వవలసిన దానం. హదీసుల్లో దాని కొలత సా. అది తూకం కాదు, కుంచం మానిక లాంటి కొలపాత్ర. నేటి తూకంలో రెండున్నర నుంచి మూడు కిలోలవరకు వస్తుందంటారు. మన హనఫీ లెక్కలో గోధుమలయితే అర సా, అంటే కిలో ముప్పావు నుంచి రెండు కిలోల చిల్లర దాకా ఉలమాలు చెబుతారు. ఏయే వస్తువులు ఇచ్చేవారయ్యా అని చూస్తే ఖర్జూరం, బార్లీ, ఎండుద్రాక్ష, ఎండబెట్టిన పెరుగు గడ్డ. ఇప్పుడు మనకు ఖర్జూరం అనగానే అరబ్బు దేశం, ఓడ, దిగుమతి, డబ్బా అన్నీ గుర్తుకొస్తాయి. కాని మదీనావాళ్ళకు ఖర్జూరం విదేశీ సరుకు కాదు సుమా! పెరటి చెట్టు పండు. మనకు కొబ్బరి, తాటిపండు, మామిడి ఎలాగో వాళ్ళకు అది అలాగ. వాళ్ళు తమ నేలమీద పండినది, తమ ఇంట్లో తినేది ఇచ్చారు. మనం ఆ పండు పేరు పట్టుకున్నాం గాని, ఆ పద్ధతి పట్టుకోలేదేమో అని నాకనిపిస్తుంది.

ఖర్జూరం మానెయ్యమని చెబుతున్నానని ఎవరూ బయటికి వెళ్ళి చెప్పకండి. ఇఫ్తారుకు ఖర్జూరం సున్నత్, అది ఉండవలసిందే. ఇంతకూ మన రేవుకు దూరదేశాలు కొత్త కాదు. 17వ శతాబ్దంలో, గోల్కొండ సుల్తానుల కాలంలో, ఈ బందరు నుంచి ఎర్రసముద్రం మీది మోఖా రేవుకు, పర్షియా రేవులకు ఓడలు నడిచాయి. మన కలంకారీ బట్టలు అక్కడివాళ్ళు కట్టుకున్నారు. ఇచ్చిపుచ్చుకోవడం అంటే అది. మన చేతి పని అటు వెళ్ళింది, వాళ్ళ సరుకు ఇటు వచ్చింది. ఈ తోఫా పెట్టెలో మాత్రం అంతా ఇటు రావడమే.

షీర్ ఖుర్మానే తీసుకోండి. పేరు పారసీ పేరు. షీర్ అంటే పాలు, ఖుర్మా అంటే ఖర్జూరం. ఈ గిన్నెలో ఏది ఎక్కడినుంచి వస్తుందో ఎప్పుడైనా విడదీసి చూశారా? పాలు మన పాలవాడు పోసినవి. నెయ్యి మన గేదెలదే కావచ్చు. జీడిపప్పు వేటపాలెంది, లేకపోతే పలాసది. వేటపాలెంలో జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే పని ఎక్కువగా ఆడవాళ్ళ చేతిమీదే నడుస్తుంది. సారపప్పు ఉంది చూశారూ, చిన్నచిన్న గింజలు, అవి వేస్తేనే గాని షీర్ ఖుర్మాకు ఆ రుచి రాదు, అది అడవి సరుకు. గిరిజనులు చెట్టుచెట్టూ తిరిగి కాయలు ఏరి, పగలగొట్టి తీసే పప్పు. ఎండుకొబ్బరి కోనసీమది. బాదం పప్పు మాత్రం ఎక్కువ భాగం అమెరికా నుంచి వస్తోంది, పిస్తా ఇంకో దేశంది. ఖర్జూరం సరే. మిగిలింది సేమియా. అదే ఇవాళ నా అసలు విషయం.

సేమియా ఈ రోజున కిరాణా కొట్లో ప్లాస్టిక్ పొట్లంలో దొరుకుతోంది. వేయించినది కూడా దొరుకుతోంది. పాలు కాచి అందులో పడేస్తే అయిపోయింది. తొందరలో ఉన్నవాళ్ళకు మంచిదే, నేనూ కొంటాను. కాని చేతి సేమియా చేయడం చూసిన పిల్లలు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? చెయ్యెత్తమంటే పాతికేళ్ళ లోపువాళ్ళు ఒక్కరూ ఎత్తరని నా నమ్మకం. వాళ్ళకోసం కాస్త వివరంగా చెబుతాను.

సన్న రవ్వ, మైదా కలిపి, ఉప్పు వేసి, నీళ్ళు చాలా తక్కువ పోసి పిండి కలుపుతారు. చపాతీ పిండిలా మెత్తగా ఉంటే పనికిరాదు. గట్టిగా ఉండాలి. తడిగుడ్డ కప్పి నాననిచ్చి, మళ్ళీ మర్దించి, చిన్న ముద్దలు చేస్తారు. ఇనప మిషనును బల్ల అంచుకో, మంచం కోడుకో బిగిస్తారు. ఒక మనిషి పిడి తిప్పాలి, ఒక మనిషి ముద్దలు వేస్తూ నొక్కుతూ ఉండాలి, ఇంకొక మనిషి కింద నుంచి దిగే దారాలను వెదురు పుల్లమీద అందుకుని తాడుమీద ఆరవెయ్యాలి. ముగ్గురు లేనిదే ఆ పని సాగదు. అందుకే అది ఒక ఇంటి పని కాలేదు, వీధి పని అయింది. ఇవాళ వీళ్ళ ఇంట్లో, రేపు వాళ్ళ ఇంట్లో. ఆరేసిన సేమియాకు కాకులు, పిచ్చుకలు, పిల్లలు ముగ్గురూ శత్రువులే. మబ్బు పట్టిందంటే గుండె గుభేలుమంటుంది. బాగా ఆరకపోతే లోపల తేమ నిలిచి పులుపు వాసన వేస్తుంది, ముట్టుకుంటే బూజు. ఎండ మరీ ఎక్కువైతే పెళుసెక్కి, ఎత్తేటప్పుడే పొడిపొడి అయిపోతుంది. ఎంత ఆరితే చాలునో చెయ్యి పెట్టి చూసి చెప్పే మనిషి వీధికి ఒకరే ఉంటారు.

మన పేటలోనూ అలాంటి ఖాలా ఒకరున్నారు. ఆమె ఈ సభలోనే ఉన్నారు కనుక పేరు చెప్పను. నేను ఈ ప్రసంగానికి తయారవుతూ ఆమె దగ్గరకు వెళ్ళి అడిగాను. ఒకప్పుడు షాబాన్ నెల మొదట్లోనే అడ్వాన్సులు ఇచ్చిపోయేవారట. నాకు ఇన్ని కిలోలు, సన్నది, నాకు ఇన్ని కిలోలు, కొంచెం లావుది అని ఇంటింటివాళ్ళూ చెప్పుకునేవారు. ఇద్దరు కోడళ్ళను, పక్కింటి అమ్మాయిని పెట్టుకుని చేసేది. ఆ డబ్బుతోనే పిల్లలకు పండుగ బట్టలు వచ్చేవి. "ఇప్పుడో?" అన్నాను. "ఇప్పుడు ఇరవై ఏడో రోజా దాటాక వస్తారు బాబూ, ఒక్క కిలో ఉందా ఖాలా అని. ఒక్క కిలోకు మిషను బిగిస్తామా?" అంది. ఆ మిషను అటక మీద ఉంది. పోయిన రంజాన్‌లో మన సంఘం కుర్రవాళ్ళు ఆమె ఇంటికి తోఫా పెట్టె ఇచ్చి వచ్చారు. అందులో కొట్టు సేమియా పొట్లం ఒకటి కూడా ఉంది.

సోదరులారా, దీనికి ఎవరినీ తప్పు పట్టనక్కరలేదు. ఎవరూ కావాలని చేసింది కాదు. ప్రభుత్వాలు కూడా అలాగే చేస్తాయి. 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రంజాన్ తోఫా ఇచ్చినప్పుడు అందులో గోధుమపిండి, చక్కెర, సేమియా, నెయ్యి పెట్టారు. లక్షల ఇళ్ళకు ఇవ్వవలసినవాళ్ళు టెండరు పిలవక తప్పదు. మనం ఇచ్చేది లక్షల ఇళ్ళకు కాదు గదా. మన పేటల్లోని ఇళ్ళు మనకు పేరుపేరునా తెలుసు. వాళ్ళకు వీలు కానిది మనకు వీలవుతుంది.

ఇప్పుడు ఊరి మిఠాయిల సంగతి. మన ఊరి పేరు చెబితే రాష్ట్రమంతా నోరూరుతుంది, మనకే ఆ స్పృహ లేదు. బందరు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరుతో అమ్మాలంటే ఇక్కడి పద్ధతిలో, ఇక్కడ చేసినదై ఉండాలన్నమాట. బుందేల్‌ఖండ్ వైపునుంచి వలస వచ్చిన బొందిలీలు ఈ విద్య తెచ్చారని చెప్పుకుంటారు. శనగపిండిని కారప్పూస లాగా వత్తి వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి మళ్ళీ రోట్లో వేసి తొక్కుతారు. అందుకే తొక్కుడు లడ్డు అన్నారు. నోట్లో వేసుకుంటే పళ్ళతో పని లేదు, మా నాన్నగారి వయసువాళ్ళకు అదే పెద్ద సుఖం. ఇక మన నల్ల హల్వా. గోధుమ పాలు తీసి, బెల్లం, నెయ్యి పోసి గంటలకొద్దీ గరిటె ఆపకుండా తిప్పితే గాని అది హల్వా కాదు. కువైట్, సౌదీ వెళ్ళే మన పిల్లలు విమానానికి కట్టుకునే మూటల్లో ఈ రెండూ ఉండి తీరతాయి. తిరిగి వచ్చేటప్పుడు వాళ్ళు మనకు చాక్లెట్లు తెస్తారు. అక్కడివాళ్ళు మన లడ్డు తిని మెచ్చుకుంటున్నారు, మనం అక్కడి చాక్లెట్లు తిని పళ్ళు పుచ్చగొట్టుకుంటున్నాం.

ఊరు దాటి కొంచెం పక్కకు వెళితే ఆత్రేయపురం పూతరేకులు. 2023లో దానికీ ఆ గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద ఇలా ఒక్కసారి లాగితే రేకు వస్తుంది. ఆ వేడి దగ్గర కూర్చునేది ఆడవాళ్ళే. తాపేశ్వరం కాజా, కాకినాడ కాజా, మాడుగుల హల్వా మీకు తెలిసినవే. ఇవన్నీ మిఠాయిలే కదా, షుగరు జబ్బున్నవాళ్ళ గతేమిటి అని పరదా అవతలినుంచి ఎవరో గొణిగినట్టు వినబడింది. న్యాయమైన ప్రశ్న. ఈ రోజుల్లో ఇంటికొకరు ఉన్నారు. వాళ్ళకు చాక్లెట్ పెట్టె అయినా ఒకటే, లడ్డు అయినా ఒకటే. వాళ్ళ ఇంటికి జీడిపప్పు పంపండి, తాండూరు కందిపప్పు పంపండి, మంచి గుంటూరు మిరపకాయలు, ఇంట్లో ఆడించిన మసాలా పొడి పంపండి. కందిపప్పు తోఫానా అని నవ్వకండి. పండుగనాడు దాల్చా వండని ఇల్లు ఏదో చెప్పండి చూద్దాం.

ఊరి సరుకు అన్నప్పుడు ఋతువు చూసుకోవాలి. దీనిలో మన పండుగకు ఉన్న సొగసు ఇంకే పండుగకూ లేదు. మన నెలలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి గనుక ఈద్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, సుమారు ముప్ఫై మూడేళ్ళలో అన్ని ఋతువులూ చుట్టి వస్తుంది. 2018లో జూన్ 16న వచ్చింది. మామిడి కాలం చివర. ఆ ఏడు నూజివీడు రసాలు ఇచ్చినవాళ్ళ తోఫా ఎవరు మరిచిపోతారు? 2020లో మే 25న వచ్చింది. లాక్‌డౌన్. ఈద్‌గాహ్ లేదు, ఇంట్లోనే నమాజు. ఆ ఏడు ఏ నగరం నుంచీ ఏ పెట్టే రాలేదు. తోఫాలు ఆగాయా? ఆగలేదు. ఇంట్లో చేసినదే పళ్ళెంలో పెట్టి, పైన ఇంకో పళ్ళెం బోర్లించి, గుమ్మం ముందు పెట్టి, తలుపు కొట్టి దూరంగా నిలబడ్డారు. తలుపు దగ్గరితనం అంటే ఏమిటో ఆ సంవత్సరం అందరికీ అర్థమయింది.

2024లో ఏప్రిల్ 11, 2025లో మార్చి 31. ఇక్కడినుంచి పండుగ చలికాలంలోకి నడుస్తోంది. 2030 నాటికి ఫిబ్రవరి మొదటి వారంలోకి వస్తుంది. లెక్క ప్రకారం 2032లో సరిగ్గా సంక్రాంతి రోజుల్లోనే పడుతుంది, చంద్రదర్శనాన్ని బట్టి ఒకరోజు అటూ ఇటూ. ఇంతకుముందు 1999, 2000 జనవరుల్లో అలా దగ్గరగా వచ్చాయి. దీనివల్ల మనకేమిటి అంటారా? చాలా ఉంది. రాబోయే ఐదారేళ్ళూ సేమియా ఆరవేసుకోవడానికి వాన భయం తక్కువ. కొత్త బెల్లం ఆడే కాలం. కొత్త బియ్యం ఇంటికి వచ్చే కాలం. పండుగ వానాకాలంలో పడితే చేతి సేమియా పని మొదలు పెట్టమని చెప్పడానికి నాకే ధైర్యం ఉండేది కాదు. ఇప్పుడు మొదలు పెడితే, మళ్ళీ వానలు వచ్చేలోగా ఆ చేతులకు పని అలవాటవుతుంది, కొనేవాళ్ళకు రుచి అలవాటవుతుంది.

సంక్రాంతి మాట వచ్చింది కనుక ఇరుగుపొరుగుల సంగతి కూడా చెప్పాలి. మన ఊళ్ళో అరిసెలు ఇటు రావడం, షీర్ ఖుర్మా అటు వెళ్ళడం తాతల నాటి ముచ్చట. మా నానీ ఒక పద్ధతి పాటించేది. శాకాహారుల ఇళ్ళకు వండిన గిన్నె పంపేది కాదు. వాళ్ళ ఆచారం వాళ్ళది. కొత్త చేటలో పచ్చి సేమియా, చక్కెర, జీడిపప్పు, ఏలకులు పెట్టి, పాలకు వేరే చెంబు పెట్టి పంపేది. "మీ పొయ్యి మీద మీరే వండుకోండి వదినా" అనేది. వాళ్ళు సంక్రాంతికి అరిసెలు పంపితే ఆ చేటే తిరిగి వచ్చేది, ఖాళీగా ఎన్నడూ రాలేదు. ఇప్పుడు ఆ చేట స్థానంలో చాక్లెట్ పెట్టె వెళుతోంది. పెట్టెకు పెట్టె తిరిగి వస్తోంది. అటు వాళ్ళింట్లో వాళ్ళు చేసిందీ లేదు, ఇటు మనింట్లో మనం చేసిందీ లేదు. ఒక్కోసారి మనం ఇచ్చిన పెట్టే చుట్టూ తిరిగి మళ్ళీ మనింటికే చేరుతుంది. నవ్వుతున్నారంటే మీ ఇంటికీ చేరి ఉంటుంది!

ఇక అభ్యంతరాలు. నిన్న కార్యవర్గంలో ముందుగా ఈ మాట ఎత్తితే నాలుగువైపుల నుంచీ వచ్చాయి. ధర ఎక్కువ అన్నారు. నిజమే, దాచడం దేనికి? చేతి సేమియా కిలోకు కొట్టు సేమియా కంటే ఎక్కువే పడుతుంది, ముగ్గురి కూలి అందులో ఉంది. కాని మొత్తం పెట్టె ఖరీదు చూడండి. అట్ట, రిబ్బను, కాగితపు పీచు, లారీ కిరాయి, మధ్యవాడి లాభం తీసేస్తే తిండికి మిగిలేది ఎంత? ఆ తీసేసిన డబ్బు ఇక్కడి కూలికి సరిపోతుందని నా అంచనా. అంచనా తప్పయితే కోశాధికారి గారు ఎలాగూ ఒప్పుకోరు. అట్టపెట్టె బదులు మూతగల స్టీలు డబ్బా ఇస్తే అది ఇంకో పదేళ్ళు వంటింట్లో ఉంటుంది.

శుభ్రత ఎవరు చూస్తారు అన్నారు. ఇది మంచి ప్రశ్న, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇంట్లో చేసింది కనుక శుభ్రంగానే ఉంటుందని కళ్ళు మూసుకోవద్దు. 2006 నాటి ఆహార భద్రతా చట్టం కింద ఇంట్లో చేసి అమ్ముకునే చిన్నవాళ్ళు కూడా రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. మన ఆడవాళ్ళకు ఆ కాగితాలు నింపడం, ఆన్‌లైన్‌లో పంపడం రాదు. మన కాలేజీ పిల్లలకు వచ్చు. సంఘం చేయగలిగిన అసలు సహాయం అక్కడ ఉంది. ప్రతి పొట్లంమీదా ఏ రోజు చేశారో, ఎన్నాళ్ళు ఉంటుందో, ఏమేం వేశారో తెలుగులో రాసిన చీటీ ఉండాలి. జీడిపప్పు, వేరుశెనగ పడనివాళ్ళు ఉంటారు, వాళ్ళకు తెలియాలి. బెల్లం కొనేటప్పుడు మెరుపు చూసి మోసపోవద్దు. పచ్చగా నిగనిగలాడడానికి కొన్నిచోట్ల హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. ముదురు రంగు బెల్లం చూసి మొహం చిట్లించకండి.

నిలవ ఉండదు అన్నారు. బాగా ఆరిన సేమియా డబ్బాలో వేస్తే నెలలు ఉంటుంది. లడ్డు వారం పది రోజుల్లో తినెయ్యాలి, పిల్లలున్న ఇంట్లో వారం దాకా ఉంటే అది లడ్డు కాదు. పాలకోవా లాంటివి మాత్రం తోఫాలో పెట్టవద్దు, ఎండలో ఊరంతా తిరిగేసరికి పాడవుతాయి.

ఒకాయన ఇంకొక మాట అన్నారు, అది నన్ను ఆలోచింపజేసింది. "బీదవాళ్ళు చాక్లెట్లు ఎప్పుడు తింటారు భాయ్? మనం సేమియా, బెల్లం ఇస్తే, మాకు చవక సరుకు ఇచ్చారు, వాళ్ళ పిల్లలకు మాత్రం విదేశీ మిఠాయిలు అనుకోరా?" అన్నారు. అనుకుంటారు. ఊరి సరుకు బీదవాళ్ళకు, విదేశీ సరుకు మనకు అని రెండు బల్లలు వేస్తే తప్పకుండా అనుకుంటారు. కనుక నేను అడుగుతున్నది సంఘం పెట్టెల గురించి ఒక్కటే కాదు. ఈ సభలో ఉన్న మెడికల్ షాపు యజమాని, కాంట్రాక్టరు, లెక్చరరు, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన తమ్ముడు, వీళ్ళంతా తమ వియ్యాలవారికి, ఆఫీసర్లకు, స్నేహితులకు పంపే తోఫాలు కూడా అక్కడే చేయించాలి. అదే డబ్బా, అదే చీటీ. డాక్టరుగారి బల్లమీద ఉన్నదీ, రిక్షా తొక్కే భాయ్ ఇంట్లో ఉన్నదీ ఒకటే అయినప్పుడు ఎవరూ ఏమీ అనుకోరు. అలా కాకపోతే ఈ ఏర్పాటు మొదలు పెట్టకపోవడమే మంచిదని నేను గట్టిగా అంటాను.

డబ్బు సంగతిలో ఒక జాగ్రత్త. జకాత్ వేరు, ఫిత్రా వేరు, తోఫా వేరు. జకాత్ డబ్బు ఎవరికి చెందాలో నియమం ఉంది, దాన్ని ఈ కొనుగోళ్ళలో కలపవద్దు. సభ్యుల చందా నుంచి, ఎవరి తోఫా వారు చెప్పుకున్న ఆర్డరు నుంచి ఇది నడవాలి. ఖాతా పుస్తకం వేరుగా ఉండాలి. ఖాలా చేతికి వెళ్ళేది సహాయం కాదు, సరుకు ఖరీదు. దాన్ని కవరులో పెట్టి వేదికమీద ఫోటో తీయించి ఇవ్వవద్దు. కొట్టువాడికి డబ్బిచ్చేటప్పుడు ఫోటో తీస్తామా?

నేను ఖాలాను కడపటిసారి కలిసినప్పుడు ఇంకో మాట కూడా అడిగాను. పని దొరికి నాలుగు డబ్బులు వస్తే ఏం చేస్తారు అని. బట్టలు, బాకీలు అంటుందనుకున్నాను. కాసేపు ఆలోచించి, "ఈసారి మా ఇంటి ఫిత్రా మేమే తీస్తాం బాబూ" అంది. ఎనిమిదేళ్ళుగా ఆ ఇల్లు ఫిత్రా తీసుకునే ఇళ్ళ జాబితాలో ఉంది.

ఇక చేయవలసినవి చెప్పి దిగుతాను, దేగ్‌షాల మూతలు మళ్ళీ తెరిచారు. ఇప్పటికి మన పేటల్లో మిషన్లు ఉన్న ఇళ్ళు నాలుగు తేలాయి. ఇంకా ఎవరి అటకమీదైనా ఉంటే కార్యదర్శి గారికి చెప్పండి, తుప్పు పట్టినా ఫరవాలేదు, బాగుచేయించవచ్చు. ఆర్డరు పుస్తకం షాబాన్ మొదటి జుమా రోజున మస్జిదు వరండాలో పెడతాం. సగం డబ్బు ముందు ఇవ్వాలి, రవ్వ కొనడానికి వాళ్ళ దగ్గర పెట్టుబడి లేదు. సన్నదా, లావుదా రాయండి. పదిహేనో రోజా తరువాత ఆర్డరు తీసుకోరు, ఎంత పెద్దవాళ్ళు వచ్చి అడిగినా సరే. ఎవరి డబ్బా వారు తెచ్చుకుంటే ఖరీదులో ఆ మేరకు తగ్గిస్తారు. పాత బిస్కెట్ల డబ్బాలయినా ఫరవాలేదు, కడిగి ఎండబెట్టి తెండి.

అస్సలాము అలైకుమ్.